గోడౌన్ తాళం వీధిలో వదిలేసి కుర్రాణ్ణి తిడతారేంటి?

అఫ్జల్‌గంజ్‌లో సెంట్రల్ లైబ్రరీ దాటాక ఒక గల్లీలో హోల్‌సేల్ కొట్టుంది. వాళ్ళ ఆర్డర్ల సైటు రాసింది మేమే. మొన్న ఏలకుల రేటు మారింది, ఆర్డరు మొత్తం మాత్రం పాతదే ఉండిపోయింది. బిల్లు మీద ఒక లెక్క, ఖాతాలో ఇంకో లెక్క. సేఠ్ గారు ఫోన్లో కేకలు. మా మీటింగులో తప్పంతా తీసుకెళ్ళి ఆర్నెల్ల క్రితం చేరిన కుర్రాడి నెత్తిన పెట్టేశారు. "సెట్‌రేట్ నిన్నెవడు పిలవమన్నాడు?" అని.

అసలు దాన్ని పబ్లిక్‌గా పెట్టమని ఎవడన్నాడు? అది మాత్రం ఎవరూ అడగలేదు.

సంగతేంటంటే, ఆర్డర్ అని ఒక క్లాసు. దాని లోపల లైన్‌ఐటమ్ అని ఇంకో క్లాసు, పబ్లిక్. అందులో సెట్‌రేట్, అదీ పబ్లిక్. తగ్గింపులూ, మొత్తాలూ లెక్క కట్టేది ఆర్డర్. కానీ ఆర్డర్‌తో పని లేకుండా ఎవరైనా ఐటమ్‌ని పట్టుకుని రేటు మార్చేయొచ్చు. "అన్నా, చుక్క పెడితే లిస్టులో కనబడింది, పిలిచేశా" అన్నాడు వాడు. ఏం తప్పు మాట్లాడాడు చెప్పండి?

ఆ కొట్టుకే వెళ్ళి చూడండి. ముందు గుమాస్తా కూర్చునుంటాడు. ఏలకులు కావాలంటే ఆయన చీటీ రాస్తాడు, లోపల్నుంచి హమాలీ బస్తా తెస్తాడు. కొనేవాడు తిన్నగా గోడౌన్లోకి పోయి బస్తా మీద రేటు కొట్టేసి తన రేటు రాసుకోడు. గోడౌన్ కొట్టులోదే కాబట్టి గుమాస్తాకి అడ్డు లేదు, వీధిలోవాడికి ఉంది. నెస్టెడ్ క్లాసు ఉన్నది సరిగ్గా ఇందుకే! జావాలో బయటి క్లాసు లోపలిదాని ప్రైవేట్ మెథడ్లని నిక్షేపంగా పిలుచుకోవచ్చు, లోపలిది బయటిదాన్ని కూడా. అంటే సెట్‌రేట్‌ని ప్రైవేట్ చేసినా ఆర్డర్‌కి వెంట్రుకవాసి ఇబ్బంది లేదు. (సీ షార్ప్‌లో ఇది ఒకవైపే: లోపలిది బయటిదాన్ని చూస్తుంది, బయటిది లోపలి ప్రైవేట్‌ని చూడలేదు. పైథాన్‌లో క్లాసు లోపల క్లాసు రాసినంత మాత్రాన ఏ హక్కూ రాదు. భాష మారితే ఈ లెక్క మళ్ళీ చూసుకోవాలి.)

మనవాళ్ళు మాత్రం నెస్టెడ్ క్లాసంటే ఫోల్డర్ అనుకుంటారు. దగ్గరగా ఉంటాయని ఒకదాంట్లో ఒకటి కుక్కి, అన్నిటికీ పబ్లిక్ తగిలిస్తారు. పైగా స్టాటిక్ పెట్టరు. అలాంటి లోపలి క్లాసు బయటి ఫీల్డు ఒక్కటి వాడినా, బయటి ఆబ్జెక్ట్ మొత్తాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఒక్క ఐటమ్‌ని సెషన్‌లో పెడితే వెనకాలే ఆర్డరంతా మెమరీలో తిష్ట వేస్తుంది.

"ఫారం నుంచి విలువలు నింపాలిగా, సెట్టర్లు లేకపోతే ఎలా?" అన్నారు మా సీనియర్ గారు. ఫారం కోసం వేరే చిన్న క్లాసు పెట్టుకోండి, కాదన్నదెవరు? ఫారంలో వచ్చిందల్లా నేరుగా అసలు ఆబ్జెక్ట్‌లో పోస్తే ఏమవుతుందో 2012 మార్చిలో గిట్‌హబ్‌లో అందరూ చూశారు. ఫారంలో ఒక ఫీల్డు అదనంగా పంపించి, రెయిల్స్ ప్రాజెక్టులోకే తన కీ చేర్చుకున్నాడొకాయన. జేఎస్‌పీలో చూపించాలంటారా, గెట్టర్ చాలు. టెస్టింగంటారా, ఆర్డర్ ద్వారానే రేటు మార్చి మొత్తం సరిగ్గా వచ్చిందో లేదో చూడండి. అదే కదా అసలు టెస్టు! ఆ ఒక్క టెస్టు ఉండుంటే సేఠ్ గారి ఫోనే వచ్చేది కాదు.

నిన్న సాయంత్రం నేనే సెట్‌రేట్ ముందు ప్రైవేట్ అని కొట్టి కంపైల్ చేశా. పదిహేడు చోట్ల ఎర్రర్లు. అందులో కుర్రాడు రాసినవి రెండు. మిగతావి ఎవరివో వెర్షన్ కంట్రోల్‌లో పేర్లతో సహా ఉన్నాయి. నాలుగు నావే.