నిరోధక వలయం ఒక్కటే చాలదు

సికింద్రాబాదు నుండి ఉప్పల్ వెళ్ళే రహదారిపై తార్నాక దాటిన పిమ్మట హబ్సిగూడలో సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం ఉన్నది. ఆబోతు వీర్యద్రవం నుండి వేరుచేసిన సెమినల్‌ప్లాస్మిన్‌కు సూక్ష్మజీవులను అణచే శక్తి ఉన్నదని ఆ సంస్థకు చెందిన ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ 1979లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 47 అమైనో ఆమ్లాలు గల ఈ చిన్న ప్రోటీన్ పలు రకాల బ్యాక్టీరియాను నశింపజేస్తుంది. ఎర్ర రక్తకణాల జోలికి మాత్రం పోదు. 1990లో అదే సంస్థలో ఎన్. సీతారామ్, ఆర్. నాగరాజ్ దానిలోని 28వ స్థానం నుండి 40వ స్థానం వరకు గల భాగాన్ని, అనగా 13 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను, కృత్రిమంగా నిర్మించి పరీక్షించారు. ఆ ముక్క కూడా బ్యాక్టీరియాను చంపింది. అయితే ఎర్ర రక్తకణాలను సైతం పగులగొట్టింది. మాతృక చేయని హాని ముక్క చేసినది!

కారణం ఆ ముక్క నిర్మాణంలోనే ఉన్నది. బ్యాక్టీరియా పొర వెలుపలి తలం అధికంగా ఋణావేశితం కాగా, ఎర్ర రక్తకణం వెలుపలి పొరలోని కొవ్వు పదార్థాలు చాలవరకు తటస్థమైనవి. లైసిన్ వంటి ధనావేశిత ఆమ్లాలు పెప్టైడ్‌ను బ్యాక్టీరియా వైపు ఆకర్షిస్తాయి. లూసిన్, ట్రిప్టోఫాన్ వంటి జలవిముఖ ఆమ్లాలు పొరలోనికి చొచ్చుకొనిపోతాయి. ఈ చొచ్చుకొనిపోయే గుణం మితిమీరినచో అది శత్రువు పొర, మిత్రుని పొర అను భేదం ఎంచదు.

మన స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాలపై నా ఫిర్యాదు ఇక్కడే. పొదుగువాపు వ్యాధికారక స్టాఫిలోకాకస్‌పై ఏదో ఒక పెప్టైడ్‌ను వేసి, అగార్ పళ్ళెంలో ఏర్పడిన నిరోధక వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ‘ఆశాజనకమైన ఔషధం’ అని ముగించిన వ్యాసాలను నేను పలుమార్లు పరీక్షించవలసి వచ్చినది. ఆ వాక్యం అక్కడితో ఆగదు. శిక్షణ తరగతుల మీదుగా పాడి రైతు చెవికి చేరుతుంది. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్ళకు, ఆక్వా సాగులో, దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించిన తరువాత ప్రత్యామ్నాయం కోసం అడిగేవారు సహజంగానే ఉంటారు. కొలిస్టిన్ కూడా పెప్టైడ్ జాతి మందే, మూత్రపిండాలకు అది చేయగల హాని వైద్యులకు చిరకాలంగా తెలిసినదే.

రక్తకణ పరీక్షకు గొప్ప పరికరాలు అక్కరలేదు. కళాశాల పశువుల కొట్టం నుండి గడ్డకట్టనీయని మందు కలిపిన కొద్దిపాటి రక్తం, లవణ ద్రావణం, సెంట్రిఫ్యూజ్, వర్ణమాపకం ఉంటే చాలును. కడిగిన కణాలను వేర్వేరు మోతాదుల పెప్టైడ్‌తో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట ఉంచి, పైకి తేలిన ద్రవం ఎరుపును కొలవవలెను. పూర్తిగా పగిలిన కణాల ఎరుపును నూరు శాతంగా తీసుకొనవలెను. పెప్టైడ్ కొనుగోలుకయ్యే వ్యయంతో పోల్చితే ఇది లెక్కలోనికి రాదు. (పెప్టైడ్ అయిపోయినదని చెప్పే విద్యార్థులు ముందుగా ఈ పరీక్షకు కొంత తీసి ఉంచుకొనవలసినది.)

బ్యాక్టీరియాను ఆపిన కనిష్ఠ మోతాదు, రక్తకణాలను పగులగొట్టిన మోతాదు ఒకే పట్టికలో పక్కపక్కన లేని వ్యాసాన్ని పరీక్షకులు తిప్పి పంపవలెనని నా అభిప్రాయం. విస్తరణ శాస్త్రవేత్తలు కూడా కరపత్రం రాయుటకు ముందు ఆ రెండవ అంకెను అడిగి తెలుసుకొనవలెను.