తుపాకీ కన్నా ముందు దీపం

మా సంఘంలో చాలాకాలం సండేస్కూలు నడిపిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇప్పుడు అమెరికాలో, డాలస్ దగ్గర కొడుకు ఇంట్లో భార్యతో కలిసి ఉంటున్నారు. వయసు 74. గ్రీన్ కార్డు కూడా వచ్చింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తే అంత పెద్ద ఇంట్లో వాళ్లిద్దరే. ఈమధ్య వాళ్ల పక్క వీధిలో దొంగలు పడ్డారట. ఆయన ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇక్కడ నా ఈడువాళ్లు చాలామంది ఇంట్లో తుపాకీ ఉంచుకున్నారు, నన్నూ కొనుక్కోమంటున్నారు. జీవితంలో బెత్తం తప్ప మరొకటి పట్టినవాణ్ని కాదు. ఏది కొనాలి? అసలు విశ్వాసి కొనవచ్చా?" అని అడిగారు. "మాస్టారూ, ఒక వారం గడువివ్వండి" అన్నాను. పిల్లల దగ్గర అమెరికాలో ఉంటున్న తల్లిదండ్రులు మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో ఉన్నారు గనుక ఆయనకిచ్చిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోకూడదు. అందుకే ఈ ప్రశ్న మనకు పెద్దగా ఎదురుకాదు. అమెరికా పరిస్థితి వేరు. ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడం పౌరుల హక్కని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తీర్పు చెప్పింది. 2023లో ప్యూ సంస్థ సర్వే చేస్తే పెద్దవాళ్లలో దాదాపు మూడో వంతు మంది తమకు తుపాకీ ఉందన్నారు. వారిలో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమని చెప్పారు. గ్రీన్ కార్డున్నవారు కూడా కొనవచ్చు. విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు మాత్రం, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం కింద నేరం. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

చట్టం ఒప్పుకుంది సరే, మనస్సాక్షి ఒప్పుకోవాలి కదా! సంఘ చరిత్రలో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. తన ప్రాణం కాపాడుకోవడానికి ఒక సామాన్యుడు మరొకరి ప్రాణం తీయడాన్ని అగస్టీన్ సమ్మతించలేదు. ఎనిమిది శతాబ్దాల తర్వాత థామస్ అక్వినాస్, ఉద్దేశం రక్షణే అయి, వాడిన బలం అవసరాన్ని మించకపోతే అది పాపం కాదన్నాడు. మెనోనైట్లు, క్వేకర్లు ఆయుధమే వద్దంటారు. ఇంత చర్చకు మూలమైన ధర్మశాస్త్ర విధి నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఉంది. రాత్రివేళ కన్నం వేస్తున్న దొంగను కొట్టినప్పుడు వాడు చనిపోతే ఇంటివాడి మీద రక్తాపరాధం లేదు. అదే సూర్యుడు ఉదయించాక జరిగితే అపరాధం ఉంది. ఎందుకీ తేడా? చీకట్లో వచ్చినవాడెవడో, ఎందుకొచ్చాడో తెలియదు. వెలుగులో తెలుస్తుంది. తెలుసుకునే వీలుండి కూడా ప్రాణం తీస్తే దేవుడు లెక్క అడుగుతాడు. ఆ రోజుల్లో అర్ధరాత్రి వెలుగు ఇంటివాడి చేతిలో లేదు. ఈ రోజుల్లో అది గోడ మీది స్విచ్‌లో ఉంది. కనుక చూడకుండా కొట్టానని చెప్పుకోవడానికి మనకున్న సాకు చాలా చిన్నది.

ఈ మాట ఎంత నిజమో రెండు సంఘటనలు చూపిస్తాయి. 2023 ఏప్రిల్‌లో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో 16 ఏళ్ల నల్లజాతి బాలుడు తమ్ముళ్లను తీసుకెళ్లడానికి వచ్చి, వీధి పేరు పొరబడి, రాత్రిపూట వేరే ఇంటి గంట కొట్టాడు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న 84 ఏళ్ల వృద్ధుడు భయపడి అద్దం తలుపులోంచే రివాల్వర్ పేల్చాడు. తలకు గాయమైనా ఆ బాలుడు బతికాడు. వృద్ధుడు 2025 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకొని, శిక్ష ఖరారు కాకముందే మరణించాడు. 2024 మార్చిలో ఒహాయో రాష్ట్రంలో మోసగాళ్లు 81 ఏళ్ల వృద్ధుడికి ఫోన్ చేసి, మీ బంధువు జైల్లో ఉన్నాడు, డబ్బివ్వమని బెదిరించారు. ఒక ప్యాకెట్టు తీసుకురమ్మని అదే ఇంటికి ఒక ఉబర్ డ్రైవరును రప్పించారు. ఏమీ తెలియక వచ్చిన ఆ 61 ఏళ్ల మహిళను అతడు మోసగాళ్ల మనిషే అనుకొని కాల్చాడు. ఆమె చనిపోయింది. ఈ రెండు చోట్లా తుపాకీ బాగానే పనిచేసింది. ఎదుట ఉన్నదెవరో తెలుసుకోవడంలోనే లోపం జరిగింది.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. అక్కడ దుకాణాల్లో పెద్దవాళ్లకు చెప్పే సలహాలు మూడు నాలుగు రకాలు. షాట్‌గన్ దాదాపు మూడు కిలోలు తూగుతుంది. 12 గేజ్ రకం పేల్చినప్పుడు భుజానికి గట్టిగా తన్నుతుంది. 20 గేజ్ తన్ను కొంత తక్కువ. పొడవు వల్ల ఇరుకు వరండాలో దాన్ని తిప్పడం కష్టం. రివాల్వర్ వాడకం తేలిక, కానీ దాని ట్రిగ్గర్ లాగడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. చిన్నగా, తేలికగా ఉంది కదా అని కొంటే చేతిని మరింత అదరగొడుతుంది. పిస్టల్‌కు ముందుగా పైభాగాన్ని వెనక్కి లాగాలి. కీళ్లనొప్పులున్న వేళ్లకు అది లొంగదు. అందుకని 2018 నుంచి స్మిత్ అండ్ వెసన్ వంటి కంపెనీలు తేలికగా లాగగల .380 రకాలను అమ్ముతున్నాయి. ఏదైనా సరే, గురువు దగ్గర నేర్చుకొని, తన చేత్తో పేల్చి చూడకుండా కొనడం అవివేకం. పైగా అక్కడి ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా చెక్క, జిప్సం పలకలే. గురి తప్పిన తూటా గోడ దాటి మనవడి గదిలోకి వెళ్లగలదు.

అసలు కష్టం కొన్న తర్వాత మొదలవుతుంది. మేడ కట్టినవాడు ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. తుపాకీకి పిట్టగోడ దాని తాళం. మంచం పక్కన పెట్టుకునే వేలిముద్రల పెట్టెలున్నాయి. రేషన్ షాపులో ముసలివాళ్ల వేళ్లు ఆధార్ యంత్రానికి ఎలా మొరాయిస్తాయో మనం చూశాం గనుక అంకెల తాళమే మేలనిపిస్తుంది. అయితే అంకెలు గుర్తుండాలి. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారిలో 70 లక్షల మందికి పైగా అల్జీమర్స్‌తో బాధపడుతున్నారు. మతిమరుపు ముదిరినవారికి సొంత కొడుకే దొంగలా కనబడవచ్చు. మరో చేదు నిజం: 2023లో ఆ దేశంలో తుపాకులకు బలైన 46,728 మందిలో 27,300 మంది తమను తామే కాల్చుకున్నవారు. ఆత్మహత్యల రేటు 75 దాటిన పురుషుల్లో అన్నిటికన్నా ఎక్కువ. దొంగ వస్తాడో రాడో గానీ, భార్య పోయిన ఒంటరితనం, తగ్గని జబ్బు, పరాయి దేశపు నిశ్శబ్దం మాత్రం తలుపు తట్టకుండానే లోపలికొస్తాయి. ఆ రోజు చేతికందే దూరంలో తుపాకీ ఉండకూడదు.

వారం తర్వాత ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మాస్టారూ, ముందు వాకిట్లో మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించండి. తలుపు దగ్గర కెమెరా, గట్టి గొళ్లెం, మంచం పక్కన టార్చి, ఫోను ఉంచుకోండి. ఇరుగుపొరుగు ఇద్దరితో పరిచయం చేసుకోండి. చప్పుడైతే లోపలి గదిలో గడియ పెట్టుకొని 911కి ఫోన్ చేయండి. ఇవన్నీ అయ్యాక కూడా భయం పోకపోతే అప్పుడు తుపాకీ మాట ఆలోచిద్దాం. కొన్నా కూడా, నా మతి గానీ మనసు గానీ తప్పుతోందనిపించిన రోజున నన్నడగకుండా తీసేయమని మీ అబ్బాయికి ఈనాడే కాగితం రాసివ్వండి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కారు తాళాలు పోయినేడే వాడికిచ్చేశానండీ. కళ్లు సరిగా ఆనడం లేదు" అన్నారు.

ఆ మాటతో ఆయనకే జవాబు దొరికింది. దీపం పెట్టించుకున్నారు, తుపాకీ ఇంకా కొనలేదు. మన పెద్దలు ఏ దేశంలో ఉన్నా వాళ్ల భయం నిజమైనదే, దాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. పిల్లలు రోజుకు ఒకసారి ఫోన్ చేసినా ఆ భయంలో సగం తీరుతుంది. ఒంటరి వృద్ధులకు మొదటి కావలి మనమే. ఆ బాధ్యతను ఆయుధానికి అప్పగించి తప్పుకోవద్దు.