చదవకుండా సంతకం పెట్టండి!

పదవిలో ఉండగా అందరికంటే ఎక్కువ కష్టాలు పడిన దేశ నాయకుడు ఎవరు? ఈ టాపిక్ ఎత్తితే చాలు, ఒకరు చర్చిల్ అంటారు, ఇంకొకరు లాల్ బహదూర్ శాస్త్రి అంటారు. మన తెలుగువాళ్లుంటే పీవీ పేరు రాకుండా ఉండదు. నా ఓటు మాత్రం అబ్రహాం లింకన్‌కే.

1861 మార్చి 4న ఆయన అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేసరికే ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. బానిసత్వానికి ఈయన అడ్డొస్తాడని వాళ్ల భయం. నెలన్నర తిరక్కుండానే యుద్ధం మొదలైంది. ఇంకో నాలుగు రాష్ట్రాలు అటే వెళ్లిపోయాయి. 1862 ఫిబ్రవరిలో పదకొండేళ్ల కొడుకు విల్లీ వైట్‌హౌస్‌లోనే జబ్బు చేసి చనిపోయాడు. భార్య తరఫు బంధువుల్లో కొందరు అవతలి సైన్యంలో ఉన్నారు. మొత్తం మీద ఆ యుద్ధం 6 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది.

అయితే నా ఓటు ఈ లిస్టు చూసి వేసింది కాదు, ఒక చిన్న కాగితం చూసి వేసింది.

1864లో అధ్యక్ష ఎన్నికలు రావాలి. యుద్ధం ఎటూ తేలడం లేదు, జనం విసిగిపోయారు. లింకన్ గెలవడని సొంత పార్టీవాళ్లే తేల్చేశారు. ఆగస్టు 23న ఆయన ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, మడతపెట్టి, మంత్రుల ముందు పెట్టారు. లోపల ఏముందో చూడకుండా వెనక సంతకం చేయమన్నారు. వాళ్లు చేశారు.

అందులో ఉన్న విషయం ఇది: మనం ఓడిపోయేలా ఉన్నాం. ఓడితే, కొత్తగా గెలిచినవాడు పదవి చేపట్టేలోపు అతనితో కలిసి పనిచేసి దేశాన్ని నిలబెట్టడం నా బాధ్యత.

ఆ గెలిచేవాడు ఎవరు కావచ్చో తెలుసా? తాను 1862లో సైన్యాధిపత్యం నుంచి తప్పించిన జనరల్ మెక్‌క్లెలన్!

"దేశం తగలబడుతుంటే ఇప్పుడు ఎన్నికలేంటి?" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నమ్మేవాళ్లు బోలెడుమంది ఉండేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ పార్టీలన్నీ ఒప్పుకుని మరీ ఎన్నికలు ఆపాయి, 1935 తర్వాత మళ్లీ 1945లోనే. మన దగ్గర ఎమర్జెన్సీలో 1976 లోక్‌సభ ఎన్నికలు 1977కి జరిగాయి.

లింకన్ మచ్చలేనివాడేం కాదు. యుద్ధం పేరుతో విచారణ లేకుండానే వేలమందిని జైల్లో పెట్టించిన ప్రభుత్వం ఆయనది. కానీ తన కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఆ సాకు వాడుకోలేదు.

సెప్టెంబర్ మొదట్లో అట్లాంటా నగరం ఆయన సైన్యం చేతికొచ్చింది, గాలి మారింది. నవంబర్‌లో 233 ఎలక్టోరల్ ఓట్లలో 212 ఆయనకే పడ్డాయి. ఆ తర్వాతే కాగితం విప్పి మంత్రులకు చదివి వినిపించారు. 1865 ఏప్రిల్‌లో, యుద్ధంలో గెలుపు ఖాయమైన కొద్దిరోజులకే, హంతకుడి తూటాకు బలైపోయారు.

కష్టాలు చాలామంది నాయకులకు వచ్చాయి. ఆ కష్టాన్ని చూపించి కుర్చీని కాపాడుకోనివాళ్లు ఎంతమంది? నా లెక్కలో అసలు పరీక్ష అదే. మరి మీ ఓటు ఎవరికి?