పేరు కొట్టేస్తే మత్తు దిగుతదా?

హాస్టల్లో ఒక పిల్లగాడు మత్తుకు దొరికితే అధికారులకు తెలిసిన వైద్యం ఒక్కటే: రిజిస్టర్లో పేరు కొట్టేసుడు. ఉన్నోళ్ల కొడుకైతే తండ్రి హైదరాబాదుల ప్రైవేటు సెంటర్లో చేర్పిస్తడు. ఏడాది తర్వాత ‘ఒంట్లో బాగలేకుండె’ అని మళ్లీ కాలేజీకి తోలుకొస్తడు. మన వాడ పిల్లగాడికి పేరు పోతే స్కాలర్‌షిప్పు పోతది, తిండి పోతది, పండుకునే జాగ పోతది. తట్ట, పార మిగుల్తది. ఒకే రోగానికి రెండు న్యాయాలెందుకు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనానికి మత్తు సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. కల్తీ కల్లు మన ఊళ్లను ఏండ్ల తరబడి తిన్నది. చెట్టెక్కే గౌడన్న మీద మాకు కోపం లేదు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం తాటిచెట్టుకు కారవు. వాటిని కలిపి అమ్ముకునే వ్యాపారుల మీదనే మా కోపం.

2015 సెప్టెంబరులో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసింది. అమ్మకం బందయింది. తాగెటోళ్ల గతేందని ముందుగాల ఎవరూ ఆలోచించలేదు. ఉమ్మడి పాలమూరులో మనుషులు ఫిట్సొచ్చి పడ్డరు, పిచ్చిపిచ్చిగ మాట్లాడిండ్రు, ఆస్పత్రులు నిండినయి. దీన్నిబట్టి తెలిసేదేమిటి? ఇసొంటి మందును ఒక్కసారిగ ఆపితే ప్రాణం మీదికొస్తది. డాక్టరు చూస్తుండంగ మెల్లమెల్లగ తగ్గించాలె. కాబట్టి తల్లులారా, తండ్రులారా! పిల్లగాన్ని కొట్టి, అర్రలో పెట్టి తాళమెయ్యకండి.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. ఆ ఆస్పత్రులకు పోయి మానసిక వైద్యుణ్ణి అడగండి. 14446కు గాని, 14416కు గాని ఫోను చేస్తే పైస ఖర్చు లేకుండ సలహా చెప్తరు.

చట్టం కూడా తెలుసుకుందాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు వ్యసనం చికిత్స పొందే హక్కున్న జబ్బు. రోగి సంగతి గుట్టుగ ఉంచాలని కూడా ఆ చట్టమే చెప్తది. వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసులో పడ్డ వ్యసనపరుడు తనంతట తాను సర్కారు గుర్తించిన ఆస్పత్రిలో చికిత్స చేయించుకుంటే ఆ కేసు నుంచి మినహాయింపు ఇచ్చే 64ఎ సెక్షన్ 1985 మత్తుపదార్థాల చట్టంలో ఉంది.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం: చికిత్సకు పోయిన విద్యార్థి సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్పు అట్లనే ఉంచాలె. తిరిగొచ్చినంక పోయిన పాఠాలు చెప్పాలె. అమ్మెటోన్ని పట్టుకోవాలె, కొనుక్కున్న పిల్లగాన్ని కాదు.

ఊర్లె మనకూ పనుంది. మానుకుంటున్న పిల్లగాన్ని దావతుల ‘ఒక్క గ్లాసే గదరా’ అని గుంజకండి. ‘తాగుబోతు’ అని పేరు పెట్టకండి. సంఘం నుంచి ఒకరు వానెంబడి ఆస్పత్రికి పోవాలె. వాడు మళ్లీ జారినా వదిలిపెట్టకుండ తెల్లారే డాక్టరు కాడికి తీస్కపోవాలె. జరమొచ్చి తగ్గినోనికి మళ్లొస్తే తిడతమా?

1992లో దూబగుంట ఆడోళ్లు మొదలుపెట్టిన కొట్లాట 1993 అక్టోబరు 1న సారాను బందు చేయించింది. దుకాణం మూయించే బలం మన జనానికున్నది. కాలేజీ గేటు తెరిపించే బలం కూడా చూపిద్దాం.