గోడకు కొట్టుకునే కారు

సంక్రాంతికి చేతిలో పడ్డ డబ్బులూ, పుట్టినరోజున అమ్మమ్మ ఇచ్చిన నోటూ కూడబెట్టి మా మనవడు మొన్న ఆరువందలు పోసి రిమోటు కారు కొన్నాడు. నేలకొండపల్లిలో మా ఇంటి వరండా పొడుగైనది. మొదటి పరుగు అక్కడే. మీట నొక్కగానే కారు రివ్వున పోయి గోడకు కొట్టుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గోడే.

సాయంత్రానికి వాడు నా పక్కన చేరి, "నాకు చేతకాదు తాతయ్యా, ఇంకెవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడి నోట ఆ మాట వింటే మనసు చివుక్కుమంది. నేను ముప్ఫయ్యేళ్ళు స్కూటరు నడిపినవాణ్ణి. ఏదీ, నేను చూస్తానని రిమోటు తీసుకున్నాను. నేనూ గోడనే గుద్దాను!

అప్పుడు బోధపడింది. ఆ మీటకు తెలిసినవి రెండే విద్యలు: ఉరకడం, ఆగడం. ముందు చక్రాలు తిరిగితే పూర్తిగా ఎడమకు, లేదా పూర్తిగా కుడికి. "కొంచెం" అన్నమాట దానికి తెలియదు. బండి నేర్చుకోవడమంటే ఆ "కొంచెం" నేర్చుకోవడమే గదా!

మర్నాడు పక్కింటి కుర్రాడు అటువంటిదే పట్టుకొచ్చాడు. ఇక చూడండి తమాషా! వాడు నొక్కితే వీడి కారు కదిలింది. రెండూ 27 మెగాహెర్ట్‌జ్ రకం. ఒకే రేడియో స్టేషను రెండిళ్ళలో పలికినట్టు, ఒకడి ఆజ్ఞ రెండు కార్లూ విన్నాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ రకానికి ఈ పేచీ లేదు; ఏ కారు తన రిమోటు మాటే వింటుంది. తీగ లేకుండా పడవను నడిపి టెస్లా న్యూయార్కులో జనాన్ని విస్తుపోయేట్టు చేసింది 1898లో. ఇన్నేళ్ళకు ఆ విద్య మా వరండాలో తగవు పెట్టింది.

ఆ ఆదివారం హైదరాబాదు నుంచి మా మేనల్లుడు తన కారు తెచ్చాడు. ధర మూడు రెట్లు. మీటను ఎంత నొక్కితే అంతే వేగం. చక్రాన్ని ఎంత తిప్పితే అంతే మలుపు. మనవడు భయంభయంగా పట్టుకుని, తులసికోట చుట్టూ తగలకుండా తిప్పి వచ్చాడు. "నాకు వచ్చింది తాతయ్యా!" అన్నాడు. తప్పు వాడిది కాదని వాడికి ఇంకెలా చెప్పగలను?

కనుక చవక కారు కొనవచ్చా అంటే, నాలుగయిదేళ్ళ పిల్లలకు, నున్నటి గచ్చు మీద ఆడుకోవడానికి, నిక్షేపంగా కొనండి. నడపడం నేర్చుకోవాలన్న పిల్లలకైతే కొన్నాళ్ళాగి, మరికొంత కూడబెట్టి కొనండి. దుకాణంలోనే మీట మెల్లిగా నొక్కి చూడండి. మెల్లిగా కదిలితేనే తీసుకోండి. చక్రాలూ, పళ్ళ చక్రాలూ విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరక్కపోతే ఒక్క పన్ను విరిగినా కారు అటకెక్కవలసిందే. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. అది లేనిది చవకైనా వద్దు. బ్యాటరీని చార్జింగులో పెట్టి నిద్రపోకండి. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకండి.

మా ఆరువందల కారు మూడో వారంలో ఆగిపోయింది. దుకాణంవాడు చేతులెత్తేశాడు. మనవడూ నేనూ మరలు విప్పి చూస్తే బ్యాటరీ దగ్గర తీగ ఊడి ఉంది. రేడియోలు బాగుచేసే అతను టంకం పెట్టాడు. ఇప్పుడది నాలుగేళ్ళ చెల్లెలి సొత్తు. కారు గోడకు కొట్టుకున్నప్పుడల్లా ఆ పిల్ల చప్పట్లు కొడుతుంది. అన్నగారు మాత్రం మళ్ళీ డిబ్బీలో చిల్లర వేస్తున్నాడు.