సమన్లొస్తే దాక్కోవద్దు, చదివి ప్రశ్నిద్దాం



మొన్న దొరవారిసత్రం దగ్గర మన కాలనీలో ఒక తాతకి కోర్టు సమన్లు వచ్చాయి. గొడవ ఆయనది కాదు. రొయ్యల గుంట మీద ఇద్దరు ఆసాముల సివిల్ దావా. తాత ఒకప్పుడు ఆ గుంటకాడ కాపలా ఉన్నాడు, అంతే. "నీ దగ్గరున్న కాగితాలన్నీ తీసుకురా" అని రాసుంది. ఏ కాగితాలో లేదు. తాత భయపడి రెండు రాత్రులు నేలపట్టులో చుట్టాలింట్లో దాక్కున్నాడు.

ఆయన్ని మేం తప్పుపట్టం. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది గానీ, సర్కారు కాగితమంటే భయం మనోళ్లలో ఇంకా పోలేదు. కానీ దాక్కుంటే నష్టం మనకే. కావాలనే రాలేదని కోర్టు అనుకుంటే వారెంటు, జరిమానా దాకా పోతుంది.

అట్లాగని ఏది రాస్తే దానికల్లా తలూపాల్సిన పనీ లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 16 చదవండి. సాక్ష్యం చెప్పడానికా, కాగితం తేవడానికా అన్నది సమన్లలో ఉండాలి. ఏ కాగితమో సరిగ్గా గుర్తుపట్టేలా రాయాలి. కాగితం మాత్రమే అడిగితే ఇంకొకరితో పంపినా చాలు. రానుపోను ఖర్చు, బత్తా పిలిపించినవాళ్లే ముందు కోర్టులో కట్టాలి. జబ్బుతో కదల్లేనివాళ్లు కమిషన్ ద్వారా సాక్ష్యం తీసుకోమని అడగొచ్చు.

ఈ హద్దులు దాటిన సమన్లు సాక్షిని వేధించడమే. దాన్ని రద్దు చేయమనో, తగ్గించమనో అదే కోర్టులో పిటిషన్ పెట్టుకోవచ్చు. అయితే ఒక్క మాట. ఆ కాగితం నిజంగా మన దగ్గరుంటే వాయిదాకి తీసుకెళ్లి, అక్కడే అభ్యంతరం చెప్పాలి. ఇవ్వాలో వద్దో తేల్చేది జడ్జిగారు, మనం కాదు.

"సాక్షులు రాకపోతే న్యాయమెట్లా?" అని కొందరు అడుగుతారు. నిజమే. రేపు మన పట్టా కేసులో మనకూ సాక్షులు కావాలి. అందుకే సాక్ష్యం ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే మనిషిని, ఎందుకో చెప్పకుండా తిప్పొద్దంటున్నాం.

లాయరు ఖర్చుకి భయపడకండి. లీగల్ సర్వీసెస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

తాత వాయిదాకి మేం ఇద్దరం తోడు వెళ్తున్నాం. మీ కాలనీలో ఎవరికి సమన్లొచ్చినా ముందు మీరు చదివి వినిపించండి. చదువుకున్నోళ్లం ఆ మాత్రం చేయకపోతే మన చదువు ఎందుకు?