విమానానికి అడవి నూనె

శాకతైలాలతో విమానాలు నడపాలన్న ప్రస్తావన రాజధానిలో మళ్ళీ జోరందుకున్నది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఇటువంటి ఇంధనం పాలు 2027లో ఒక శాతం, 2028లో రెండు, 2030లో ఐదు శాతం ఉండాలని కేంద్రం సూచనప్రాయంగా లక్ష్యాలు పెట్టుకొన్నది.

దీనికి నాంది 2018 ఆగస్టు 27న జరిగింది. ఆనాడు డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి వచ్చిన స్పైస్‌జెట్ విమానంలో ఒక ఇంజనుకు నాలుగోవంతు అడవి ఆముదం ఇంధనమే. గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవి. ఇంధనంగా మార్చినది డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ. నూనెలోకి అధిక పీడనంతో, ఉత్ప్రేరకం సాయంతో ఉదజనిని పంపితే అందులోని ఆమ్లజని నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా వెళ్ళిపోతుంది. మిగిలేది పెట్రోలియం జాతి పదార్థమే. ఆ ఉదజనిని నేటికీ ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నారన్నది వేరే సంగతి!

శాస్త్రం నెగ్గింది. ఓడినది సేద్యం. 2005లో రాష్ట్రం జీవ ఇంధన ప్రాధికార సంస్థను నెలకొల్పి ఊరూరా అడవి ఆముదం నాటించింది. 2017 నాటికి 20 శాతం మిశ్రమం సాధిస్తామని 2009 జాతీయ విధానం ప్రకటించింది. బయోడీజిలు ఒక శాతానికైనా చేరలేదు. 2018లో కొత్త విధానం 2030 నాటికి ఐదు శాతమంటూ సర్దుకొన్నది. నీరు లేనిచోట ఆ మొక్క బ్రతుకుతుందే గాని కాపు కాయదు. పైగా దస్త్రాలలో బంజరుగా కనిపించే నేల చాలాచోట్ల ఆదివాసీల పశువులు మేసే నేల.

బస్తరులో ఎవరూ నాటనక్కరలేని నూనెగింజలున్నాయి: ఇప్ప, సాల, కానుగ. కాకతీయ వంశీకులు ఏలిన ఆ సీమలో, ఇంద్రావతి గోదావరిలో కలిసే భోపాలపట్నం ప్రాంతంలో తెలుగు నేటికీ వినిపిస్తుంది; అక్కడి కష్టసుఖాలు మనకు పరాయివి కావు. ఇప్పనూనె ఆదివాసీ ఇంట వంటకూ దీపానికీ వాడుక. చమురు కంపెనీలు దానిపై కన్నువేస్తే గింజకు ధర పెరగవచ్చు, ఇంటి నూనె కరవు కావచ్చు. రెండూ ఒకేసారి జరగనూవచ్చు.

2006 అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని ఆదివాసీలకూ ఇతర సంప్రదాయ అటవీవాసులకూ ఇచ్చింది. 2013లో కేంద్రం ఆమోదించిన మద్దతు ధర పథకంలో ఈ మూడు గింజలూ ఉన్నాయి. విమాన ఇంధనం ధరలో గింజ ఏరినవారికి ముట్టేదెంతో, ఒప్పందాలు కుదరక ముందే గ్రామసభల ఎదుట లెక్క పెట్టాలి.